మొయ్యని బీములకు తలంటు

ఆధునిక వాస్తుశిల్పంలో అలంకారం ఉండదు. ఈ మాట ముందే ఒప్పేసుకుంటే, తర్వాత కంటికి కనబడేవేవీ అలంకారాలు కావని నమ్మడం తేలిక.

అలంకారం నేరంతో సమానమని వియన్నాలో వాస్తుశిల్పి ఆడాల్ఫ్ లూస్ గారు తేల్చిచెప్పారు. 1910లో రాజభవనం ఎదురుగానే ఒక భవనం లేపారు. కిటికీల చుట్టూ పువ్వు లేదు, తీగ లేదు. కనుబొమలు లేని ఇల్లని ఊరు నవ్వింది, నగరపాలకులు పని ఆపించారు. చివరికి కిటికీల కింద పూలతొట్లు పెట్టాక రాజీ కుదిరింది. గోడ మీద సున్నపు పువ్వు నేరం, తొట్టిలో పువ్వు కాదు. కింది అంతస్తులకు అతికించిన ఆకుపచ్చ చారల పాలరాయి మాటేమిటంటారా? చారలు రాతితో పుట్టినవి, ఎవరూ చెక్కలేదు. కేసు కొట్టేశారు.

అసలు మడి చూడాలంటే న్యూయార్క్ వెళ్లాలి. 1958లో పూర్తయిన సీగ్రామ్ భవనం, 38 అంతస్తులు. కట్టడం తన ఎముకల్ని, అంటే మోసే ఉక్కు చట్రాన్ని, దాచుకోకూడదన్నది దాని వాస్తుశిల్పి మీస్ వాన్ డెర్ రోహ్ గారి పట్టుదల. అయితే అగ్నిప్రమాదాల నిబంధనల ప్రకారం ఉక్కుకు కాంక్రీటు తొడగాల్సి వచ్చింది. ఎముకలు కనుమరుగయ్యాయి. మరి సత్యం గతేం కాను? మీస్ గారు కిటికీల వరసల మధ్య కింది నుంచి పైదాకా కంచు ఐ బీములు, అంటే ఇంగ్లీషు I అక్షరం ఆకారపు దూలాలు, బిగించారు. ఇవి ఒక్క అంతస్తు బరువూ మొయ్యవు. లోపల ఉక్కు మోస్తోందని బయట నిలబడి చెప్పే సాక్షులు, అంతే. అద్దాల గోడకు కాస్త దన్నుగా ఉంటాయన్న మాట నిజమే. ఆ లెక్కన మెడలో కాసులపేరు కూడా చలికి కొంత ఆపుతుంది.

మన మేస్త్రీ అయితే దీన్ని ఒక్క ముక్కలో ‘ఎలివేషన్’ అనేసి, అడుగుకింత అని రేటు చెప్పేవాడు. చదువుకోని మనిషి, తప్పు పట్టకూడదు.

కంచుకు చిలుము పడుతుంది కదా, అందుకని ఆ బీములకు ఏటేటా కడిగి నూనె పట్టించడం ఆనవాయితీ. అలంకారమే లేని భవనానికి తలంటన్నమాట.

కిటికీ తెరల సంగతి ఇంకా ముచ్చటైనది. వీధిలోంచి చూసేవాళ్లకు వరసలు చెదిరి కనబడకూడదని మూడే స్థాయిలు పెట్టారు. పూర్తిగా ఎత్తాలి, సగానికి దించాలి, లేదా మొత్తం మూసెయ్యాలి. పావు వంతు ఎండ కావాలనుకున్న గుమాస్తా లేచి కుర్చీ జరుపుకోవాలి.