ఆల్బంలోని 1939 గడి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 1939 గడి గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. మేమిక్కడ క్షేమం. తమరు ఎప్పటిలాగే ఖాళీ.

నా నాణేల ఆల్బంలో, బ్రిటిష్ రాజు ఆరో జార్జి రూపాయల పేజీలో, 1938కీ 1940కీ నడుమ, ఊడిన పన్ను జాగాలా తమరు కొలువుదీరి ఉన్నారు. ఆల్బం ఎవరి చేతికిచ్చినా వాళ్ల వేలు నేరుగా తమరి మీదికే పోతుంది. నిండిన గడుల గురించి ఒక్క మాట రాదు. “ఇది లేదా?” అని మాత్రం అడుగుతారు. లేనిదానికి ఇంత గౌరవం దక్కడం రాజకీయాల తర్వాత ఈ సరదాలోనే చూస్తున్నాను.

మా ఇంటి పద్దుల సంగతి తమరికి తెలియనిది కాదు. ఆల్బం ఉండేది బిల్లుల సొరుగులోనే కదా. పాలు, గ్యాసు, కరెంటు, ఫీజులు తమ తమ వాటాలు పట్టుకుపోయాక, నాణేల కింద నెలకు వెయ్యి రూపాయలు మిగులుతాయి. ఏడాదికి పన్నెండు వేలు. ఈ పన్నెండు వేలలో తమరి వాటా ఎంతో తేల్చుకోవాల్సిన సమయం వచ్చింది.

తమరి హోదాను నేను కాదనను. ఆ ఏటి రూపాయి బొంబాయి టంకశాలలో 91.7 శాతం వెండితో తయారైంది. 1940లో, యుద్ధకాలంలో, రూపాయిలో వెండిని 50 శాతానికి తగ్గించారు. మంచి వెండి ఉన్న పాత రూపాయలను సర్కారు వెనక్కి తీసుకుంది. అసలైన 1939 రూపాయి కంటపడటమే అరుదు కనుక, పడినప్పుడు ధర లక్షల్లో పలుకుతుంది. నా లెక్కన తమరిని నింపాలంటే నేనూ, నా తర్వాత నా కొడుకూ, వాడి తర్వాత వాడి కొడుకూ ఒక్క నెల కూడా తప్పకుండా వెయ్యి చొప్పున వేస్తూ పోవాలి. పోలవరం కన్నా ముందే పూర్తవుతుందని హామీ ఇవ్వలేను.

ఈ మాట చెబితే తమరు ఏమంటారో తెలుసు. “లక్షలెందుకు, పేవ్‌మెంట్ మీద నాలుగు వందలకే దొరుకుతోంది కదా” అంటారు. దొరుకుతోంది. గుడ్డ పరుచుకు కూర్చున్న పెద్దమనిషి దగ్గర చూశాను. “ఒక్కటే ఉంది సార్, తాతలనాటిది” అంటూ అరచేతిలో పెట్టాడు. పెడుతూ గుడ్డ అంచు సర్దితే దాని కింద మరో ఆరు కనబడ్డాయి. ఆరూ 1939వే. ఏడుగురు తాతలు కాబోలు. జేబులోంచి చిన్న డిజిటల్ కాటా తీసి తూచాను. 9.7 గ్రాములు. బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే మన పెద్దలు బంగారం తూచిన పాత తులం సరిగ్గా అంతే. “వాడి వాడి అరిగింది సార్” అన్నాడాయన. రెండు గ్రాములు అరిగితే రాజుగారి ముఖం చదునైపోవాలి. ఈ రాజుగారి కిరీటంలో ఒక్క రాయి కూడా చెక్కు చెదరలేదు. అంచు చుట్టూ పోత పోసిన అతుకు గీత మాత్రం గోటికి తగులుతోంది.

అయినా ఆ బిళ్లను తమరిలో కూర్చోబెడితే తమరికి అభ్యంతరం ఉండదు. నిండితే చాలు, దేనితో నిండిందన్న పట్టింపు తమరికి లేదు. నాణేల పేరుతో తగరం, జర్మన్ సిల్వర్ వ్యాపారం ఇంత జోరుగా నడుస్తోందంటే ఆ పుణ్యం తమరి కులానిదే.

తమరి బంధువర్గం గురించి కూడా కాస్త చెప్పుకోవాలి. ఈస్టిండియా కంపెనీ పేరుతో శ్రీరామ పట్టాభిషేకం, ఆంజనేయస్వామి బొమ్మలున్న ‘అణా బిళ్లలు’ తిరుగుతుంటాయి. వాటి మీద 1616, 1717, 1818 అని చెప్పుకోవడానికి వీలైన సంవత్సరాలుంటాయి. 1616లో ఆ కంపెనీ వాళ్లు మచిలీపట్నంలో గోల్కొండ సుల్తానుల నీడలో బట్టల బేరం చేసుకుంటున్నారు. 1611లో అక్కడ గిడ్డంగి పెట్టారు, అంతే. వాళ్లు కూర్చుని రామపట్టాభిషేకంతో అణాలు ముద్రించారని నమ్మాలట! కంపెనీ ఇండియా మొత్తానికి ఒకే తీరు నాణేలు మొదలుపెట్టిందే 1835లో. మద్రాసు వైపు దేవతల బొమ్మలతో కంపెనీ వేసిన బంగారు వరహాలు నిజంగానే ఉన్నాయి, అది వేరే కథ, వేరే ధర. ఈ అణాలు మాత్రం పూజగదిలో పెట్టుకోవడానికి పనికొస్తాయి, ఆల్బంలో పెట్టుకోవడానికి కాదు. పూజకైనా పది రూపాయల పటం చవక.

ఇక వైష్ణోదేవి గడి. 2012లో ఆ ఆలయ బోర్డు రజతోత్సవానికి అయిదు, పది రూపాయల నాణేలు వచ్చాయి. మామూలుగా చిల్లరలో తిరిగాయి. ఎవరో ఫోనులో ‘ఈ నాణెం ఉంటే పది లక్షలు’ అని పంపారు. అప్పటినుంచి ఊరూరా బీరువాల్లో, బియ్యం డబ్బాల్లో వెతుకులాట. కొనేవాడు ముందుగా ‘రిజిస్ట్రేషన్ ఫీజు’, ‘పన్ను’ అంటూ డబ్బు రాబడతాడు, ఆ తర్వాత ఫోను ఎత్తడు. తమ పేరు వాడుకుని ఇలాంటి మోసాలు జరుగుతున్నాయని రిజర్వు బ్యాంకు 2021లో హెచ్చరిక కూడా జారీ చేసింది. విచిత్రమేమిటంటే ఇదే జనం టీ కొట్లో పది రూపాయల నాణెం ఇస్తే “ఇది చెల్లదు” అని తిప్పి కొడతారు. పద్నాలుగు రకాల డిజైన్లూ చెల్లుతాయని అదే రిజర్వు బ్యాంకు 2018లో విడమరిచి చెప్పినా వినరు. పది రూపాయలకు చెల్లని నాణెం పది లక్షలకు చెల్లుతుందని నమ్మే ఆర్థికశాస్త్రం ఏ విశ్వవిద్యాలయంలో చెబుతారో తమరికేమైనా తెలుసా?

టంకశాల వారు కూడా తమరి జాతిని పెంచి పోషిస్తూనే ఉన్నారు. 2023 ఆగస్టు 28న ఎన్టీఆర్ శతజయంతి వంద రూపాయల నాణెం విడుదలైంది. మన హైదరాబాద్ మింట్‌లోనే తయారైంది. జనం వరుసల్లో నిలబడ్డారు. ముఖవిలువ వంద, కొనుగోలు ధర నాలుగు వేలు దాటింది. అన్నగారి మీద అభిమానంతో కొన్నవాళ్లను నేను ఒక్క మాట కూడా అనను, అభిమానానికి ధర కట్టే హక్కు వాళ్లదే. ‘రేపు లక్ష అవుతుంది’ అని కొన్నవాళ్లే పాపం. నా లెక్కలో ఆ నాణెం ధర నాలుగు నెలల పైచిలుకు. నాలుగు నెలలు వేరే ఏదీ ముట్టుకోకుండా ఉండగలిగితే కొనుక్కోవచ్చు. నేను ఉండలేను.

శాతవాహనుల పేజీ కూడా తెరవమని తమరు గుసగుసలాడుతున్నారు. సీసపు నాణేలు చవకే, మన కోటిలింగాల, పెద్దబంకూరు నేలల్లో దొరికిన జాతివే. కానీ అమ్మేవాడి చేతిలో ఉన్నది పాతదో, నిన్న పోత పోసినదో చెప్పడానికి కొన్నేళ్ల చూపు కావాలి. ఇక నిజంగా పొలంలో దొరికినదైతే 1878 నాటి నిక్షేపాల చట్టం ఉండనే ఉంది. పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు చెప్పాలి. ఆ పది రూపాయలను ఇంతవరకు ఎవరూ పెంచలేదు. శాతవాహనుల మీద మోజు కలిగిన రోజున పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియానికి వెళ్లి అద్దాల వెనక చూసి వస్తాను. టికెట్టు ఖర్చుతో పోతుంది.

సరే, ఇంతకీ ఆ వెయ్యి ఏమవుతుందని కదా తమరి బెంగ.

మొదటి నెల నాణెమే కొనలేదు. పది రెట్లు పెంచి చూపే భూతద్దం ఒకటి, పైన చెప్పిన కాటా ఒకటి, మిగిలిన డబ్బుతో అట్ట హోల్డర్లు. ఈ హోల్డర్ల సంగతి తమరు చెవినబెట్టక తప్పదు. తమరి మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ గోడలు కొన్నేళ్లకు ఆకుపచ్చ జిడ్డు కార్చి లోపలి రాగిని తినేస్తాయి. అద్దెకిచ్చిన ఇంట్లో అద్దెవాళ్లనే కొరుక్కుతినే యజమాని తమరొక్కరే. ఆ జిడ్డు వదిలించడానికి కొందరు ఇత్తడి చెంబును తోమినట్టు చింతపండుతో తోముతారు. నాణెం తళతళలాడుతుంది, విలువ పడిపోతుంది. కాలం ఇచ్చిన రంగు తీసేశాక దాన్ని చూసేవాడికి చెప్పడానికి ఏమీ మిగలదు.

రెండో నెల నుంచి నా ఎల్ల నేను గీసుకున్నాను. వెండి జోలికి పోను. వెండి ధర ఎగిరినప్పుడల్లా అరిగిపోయిన విక్టోరియా రూపాయి కూడా ఎగురుతుంది, చరిత్రకు ఇస్తున్నానో లోహానికి ఇస్తున్నానో తెలియదు. రాగి, కంచు, చిల్లర నాకు చాలు. 1943లో యుద్ధం కోసం లోహం ఆదా చేయాలని నడిమికి చిల్లు పెట్టిన కాణీ తెలుసా? బామ్మలు మొలతాడుకు కట్టింది అదే. బాగున్నది ఒకటి టిఫిను ఖర్చులో వస్తుంది. 1957 ఏప్రిల్ 1న పదహారు అణాలు పోయి వంద పైసలు వచ్చాయి. ఆ నయా పైసల వరుసను, ‘నయా’ తీసేసిన 1964 వరకు, చక్కటి స్థితిలో పోగేయడానికి నా వెయ్యి సరిపోతుంది. తొందర లేకపోతే ఇంకా మిగులుతుంది.

అన్నిటికన్నా చవక వరుస జేబులోనే ఉంది. ఈ మధ్య వచ్చిన నాణెం ఏదైనా తీసి సంవత్సరం కింద చూడండి. నక్షత్రం ఉంటే హైదరాబాదు, వజ్రం ఉంటే ముంబయి, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. మా ఇంటికి దగ్గరి టంకశాల గుర్తని నక్షత్రాలను ఏరుతున్నాను. 1903లో సైఫాబాద్‌లో మొదలై, 1997లో చర్లపల్లికి మారిన ఆ మింట్‌లో అచ్చైన రెండు రూపాయల నాణెం బస్సు కండక్టరు చేతి నుంచి రెండు రూపాయలకే వస్తుంది. ముఖవిలువకు కొన్న నాణెంలో నష్టం రావడం ఎలాగో నాకింకా తెలియలేదు. అరగని కొత్తది దొరికేదాకా పాతది ఉంచుతాను, దొరికిన రోజున పాతదాన్ని కూరగాయల బండికి ఇచ్చేస్తాను.

ఏడాదికి ఒక్కసారి మాత్రం కొన్ని నెలల వెయ్యిలను కూడబెట్టి ఒకే ఒక్క మంచి నాణెం కొంటాను. ఈ ఏడు పోటీలో రెండున్నాయి. ఒకటి నిజాం చార్మినార్ రూపాయి. దాని ద్వారంలో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీ ఖాన్‌దైతే ‘మీమ్’, ఉస్మాన్ అలీ ఖాన్‌దైతే ‘ఐన్’. నాలుగు మినార్ల కింద ఆ చిన్న అక్షరం భూతద్దంలో తేలినప్పుడు కలిగే ఆనందాన్ని తమరి లాంటి శూన్యానికి వివరించలేను. వెండి వద్దన్నవాడు ఇదేమిటని అడగకండి, ప్రతి నియమానికీ ఒక హైదరాబాదీ మినహాయింపు ఉంటుంది.

రెండోది 1911 నాటి అయిదో జార్జి రూపాయి. ఇదీ వెండిదే, మినహాయింపులో దీన్నీ కలిపేశాను. రాజుగారి వస్త్రం మీద హారంలో ఏనుగు బొమ్మ ఉండాలి. చెక్కిన చేతివాటమో ఏమో, దాని తొండం పొట్టిదై పంది అనిపించింది. జనంలో గొడవ లేచింది. నాణేలు వెనక్కి తీసుకుని చాలావరకు కరిగించారు. 1912లో తొండం సరిదిద్ది మళ్లీ వేశారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒక సామ్రాజ్యం మొత్తం ఎన్ని మిల్లీమీటర్ల ముక్కు మీద ఆధారపడి ఉందో కళ్లారా కనబడుతుంది. దొరుకుతుంది, కొనగలిగే ధరకే దొరుకుతుంది, చెప్పుకోవడానికి కథా ఉంది. తమరిలా బీగాలు వేసుకోదు.

పై కారణాల వల్ల ఈ ఆర్థిక సంవత్సరానికి తమరి పద్దు సున్నా అని నిర్ణయించడమైనది. వచ్చే ఏటికీ అంతే.

బాధపడతారని తమరికి ఒక ఏర్పాటు కూడా చేశాను. తమరి నెత్తిన ఆల్బం కంపెనీ వాళ్లు అంటించిన ‘1939’ అచ్చు చీటీని ఈ పూటే పీకేశాను. 1940 రూపాయిని ఒక గడి ఎడమకు జరిపాను. దాని వెనకే 1941 నుంచి 1945 దాకా అన్నీ జరిగాయి, చివర పులి బొమ్మ ఉన్న 1947 నికెలు రూపాయి కూడా. ఇప్పుడు ఖాళీ పేజీ అట్టడుగున ఉంది. అక్కడ గడి ఖాళీగా ఉంటే ఎవరూ ఏమీ అడగరు. విలాసం మార్పు గమనించగలరు.

ఇట్లు,
తమరి మాజీ సేవకుడు