క్లాసు రాస్తే టేబుల్ వస్తుంది సరే, మరి డేటా సంగతేంటి?

"క్లాసులు రాయండి చాలు, టేబుళ్ల సంగతి ఓఆర్‌ఎం చూసుకుంటుంది, స్కీమా డిజైన్ పాతకాలం పని" అనే మాట తెగ షేర్ అవుతోంది. ఓఆర్‌ఎం అంటే కోడ్‌లోని క్లాసులని డేటాబేస్ టేబుళ్లతో జతచేసే టూలు, స్కీమా అంటే ఆ టేబుళ్ల, కాలమ్‌ల నిర్మాణం. ఆ మాటకి చెప్పే కారణాలు నాలుగు: కావాల్సిన సమాచారమంతా క్లాసులోనే ఉంటుంది, క్లాసు మారిస్తే టేబుల్ దానంతట అదే మారుతుంది, ఇన్‌హెరిటెన్స్‌ని (ఒక క్లాసు నుంచి సబ్‌క్లాసులు పుట్టడాన్ని) కూడా టూలే సర్దుతుంది, డేటాబేస్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. కొత్తగా పనిలో చేరినవాళ్లు ఇది నమ్మి లైవ్ డేటా మీద చెయ్యి పెడతారేమోనని నాకు నిజంగానే టెన్షన్‌గా ఉంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

సమాచారమంతా క్లాసులో ఉండదు. స్ట్రింగ్ అని రాసిన ఫీల్డులో ఫోన్ నంబరు ఉంటుందో, పేజీల కొద్దీ వ్యాసం ఉంటుందో క్లాసు చెప్పదు. మీరేమీ చెప్పకపోతే జావా ఓఆర్‌ఎం హైబర్నేట్ దానికి వార్‌చార్ 255 (255 అక్షరాల దాకా) ఇస్తుంది, అదే ఫీల్డుకి ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్ మీద డాట్‌నెట్ ఓఆర్‌ఎం ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్ ఎన్‌వార్‌చార్ మ్యాక్స్ (దాదాపు హద్దులేని పొడవు) ఇస్తుంది. రెండూ ఊహలే. ఈనమ్ (ముందే రాసిపెట్టిన విలువల జాబితా) దగ్గర ఇంకా ప్రమాదం, ఎందుకంటే హైబర్నేట్ పాటించే జావా ప్రమాణం జేపీఏలో డిఫాల్ట్‌గా టేబుల్లోకి వెళ్లేది దాని పేరు కాదు, వరుస సంఖ్య. 'పెండింగ్', 'పూర్తి' అనే రెండింటి మధ్య ఎవరైనా 'రద్దు' అని చేర్చారంటే, నిన్నటిదాకా పూర్తయినట్టున్న ఆర్డర్లన్నీ ఇవాళ రద్దయినట్టు కనిపిస్తాయి, చదివేటప్పుడు ఏ ఎర్రరూ రాదు.

వరుసలని త్వరగా వెతికిపెట్టే ఇండెక్సులదీ అంతే. ఫారిన్ కీ (ఇంకో టేబుల్లోని వరుసని చూపే కాలమ్) పెడితే పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగో దానికి ఇండెక్స్ కూడా వేస్తుంది, హైబర్నేట్ మీరు అడిగితే తప్ప వేయదు. డేటాబేస్‌ల సంగతి చూస్తే, మైఎస్‌క్యూఎల్‌లో దాని స్టోరేజ్ ఇంజిన్ ఇన్నోడీబీ తనే వేసుకుంటుంది, పోస్ట్‌గ్రెస్ వేయదు. అంటే హైబర్నేట్, పోస్ట్‌గ్రెస్ కలిసినచోట పేరెంట్ టేబుల్లో ఒక్క వరుస డిలీట్ చేసినా, ఫారిన్ కీతో దాన్ని చూపే చైల్డ్ టేబుల్ మొత్తం వెతకాల్సి రావచ్చు, టేబుల్ పెద్దదయ్యేదాకా అది ఎవరి కంటా పడదు. ఇక ఈమెయిల్ రెండుసార్లు రాకూడదనే నియమాన్ని క్లాసులో వాలిడేషన్‌గా మాత్రమే రాస్తే, ఒకేసారి వచ్చిన రెండు రిక్వెస్టులూ 'లేదు' అని చూసుకుని రెండూ ఇన్సర్ట్ చేసేస్తాయి. దాన్ని ఖచ్చితంగా ఆపేది డేటాబేస్‌లో ఉండే యూనిక్ కన్‌స్ట్రెయింటే.

రెండో మాట, క్లాసు మారిస్తే టేబుల్ మారుతుందన్నది, అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది. ఫీల్డు పేరు 'ఫోన్' నుంచి 'మొబైల్' అని మార్చారనుకోండి. హైబర్నేట్‌లో టేబుళ్లని క్లాసులకి తగ్గట్టు మార్చే అప్‌డేట్ సెట్టింగ్ పెట్టుకుంటే 'మొబైల్' అనే ఖాళీ కాలమ్ కొత్తగా వస్తుంది, పాత 'ఫోన్' కాలమ్ డేటాతో సహా అక్కడే పడి ఉంటుంది. పైథాన్ ఓఆర్‌ఎం ఎస్‌క్యూఎల్ఆల్కెమీలో టేబుళ్లు తయారుచేసే క్రియేట్ ఆల్ అయితే టేబుల్ ముందే ఉంది కాబట్టి అసలు ముట్టుకోదు. ఎస్‌క్యూఎల్ఆల్కెమీకి మైగ్రేషన్లు (టేబుల్ మార్పుల స్క్రిప్టులు) రాసిచ్చే అలెంబిక్ ఆటోజెనరేట్ పేరు మార్పుని గుర్తుపట్టలేదు, ఒక కాలమ్ తీసేయమని, ఇంకొకటి పెట్టమని రాసిస్తుంది, చదవకుండా నడిపితే నంబర్లన్నీ పోయినట్టే. జాంగో మాత్రం పేరు మార్చారా అని మిమ్మల్నే అడుగుతుంది, ఆ అడగడంలోనే విషయం ఉంది: నిన్నటి క్లాసు, ఇవాళ్టి క్లాసు పక్కపక్కన పెట్టి చూసినంత మాత్రాన మీ ఉద్దేశం ఏ టూలుకీ తెలియదు.

పేరు మార్పు ఇంకా చిన్న విషయమే. పూర్తి పేరు ఉన్న కాలమ్‌ని ఇంటిపేరు, పేరు అని రెండుగా విడదీయాలంటే పాత వరుసలన్నిటినీ ఎలా విడగొట్టాలో ఎవరో ఒకరు కూర్చుని రాయాలి. పోస్ట్‌గ్రెస్‌లో పెద్ద టేబుల్ మీద మామూలుగా ఇండెక్స్ వేస్తే అది పూర్తయ్యేదాకా ఆ టేబుల్లోకి రాతలు ఆగిపోతాయి, ఆగకూడదంటే కాంకరెంట్లీ అని చెప్పాలి. క్లాసులో ఆ సంగతి ఎక్కడ రాస్తారు?

ఇన్‌హెరిటెన్స్‌ని టూలు సర్దుతుంది, నిజమే, కానీ ఏ పద్ధతిలో అన్నది మీరు చెప్పాలి. అన్నీ ఒకే టేబుల్లో పెడితే సబ్‌క్లాసుల కాలమ్‌లని నల్ (విలువ లేని గడి) లేకుండా ఉంచలేరు, పేరెంట్ క్లాసుకీ సబ్‌క్లాసులకీ విడి టేబుళ్లు చేస్తే క్వెరీల్లో జాయిన్లు (టేబుళ్లని కలిపి చదవడం) పెరుగుతాయి. అది స్కీమా డిజైన్ కాకపోతే మరేంటి?

డేటాబేస్ మార్చుకోవడం గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. ఒరాకిల్‌లో ఖాళీ స్ట్రింగ్ అంటే నల్, పోస్ట్‌గ్రెస్‌లో కాదు. మైఎస్‌క్యూఎల్ డిఫాల్ట్ కొలేషన్ (అక్షరాలని పోల్చే నియమం) పెద్దక్షరాలకీ చిన్నక్షరాలకీ తేడా చూడదు, పోస్ట్‌గ్రెస్ చూస్తుంది, కాబట్టి అదే యూనిక్ ఈమెయిల్ నియమం రెండుచోట్లా వేర్వేరుగా పనిచేస్తుంది. మైగ్రేషన్ మధ్యలో ఫెయిలైతే పోస్ట్‌గ్రెస్ ట్రాన్సాక్షన్‌లో మొత్తం వెనక్కి తీసుకోగలదు, మైఎస్‌క్యూఎల్‌లో అప్పటిదాకా జరిగిన టేబుల్ మార్పులు అలాగే ఉండిపోతాయి.

క్లాసుల నుంచి టేబుళ్లు తయారుచేసే జెనరేటర్ వద్దని నేను అనడం లేదు. టెస్టుల కోసం ఖాళీ డేటాబేస్ కావాలన్నా, వారంలో పారేసే నమూనాకైనా దానికి మించింది లేదు. లైవ్ డేటా ఉన్నచోట మాత్రం దాన్ని చిత్తుప్రతిగానే చూడండి: జాంగోలో ఎస్‌క్యూఎల్‌మైగ్రేట్, ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్‌లో మైగ్రేషన్స్ స్క్రిప్ట్, అలెంబిక్‌లో ఆఫ్‌లైన్ మోడ్, ఇవన్నీ నడిపేముందు డేటాబేస్‌కి వెళ్లే అసలు ఎస్‌క్యూఎల్ ఆదేశాలు చూపిస్తాయి. ఆ ఎస్‌క్యూఎల్‌ని కోడ్ రివ్యూలో పెట్టించండి, హైబర్నేట్ వాడేవాళ్లు లైవ్‌లో అప్‌డేట్ తీసేసి, టేబుల్‌ని మార్చకుండా సరిపోల్చి మాత్రమే చూసే వాలిడేట్ పెట్టుకోండి, డ్రాప్ (తీసేయమనే ఆదేశం) అన్న పదం ఎక్కడ కనిపించినా ఆ కాలమ్‌లో ఏముందో చూడకుండా ముందుకెళ్లకండి.