బడిలో ఆయాసం వస్తే చూసేదెవరు?

పోయిన చలికాలంలో ఒక మధ్యాహ్నం మా వాడి బడి నుంచి ఫోన్. "బాబుకి కొంచెం ఆయాసంగా ఉంది, వచ్చి తీసుకెళ్తారా?" ఆఫీసు నుంచి వెళ్లేసరికి ముప్పావు గంట పట్టింది. స్టాఫ్ రూములో రెండు కుర్చీలు జోడించి కూర్చోబెట్టారు. భుజాలు ఎగరేస్తూ ఊపిరి లాగుతున్నాడు. ఛాతీకి ఎవరో బామ్ రాశారు. ఆయమ్మ వేడినీళ్లు తాగిస్తోంది. బ్యాగు కుర్చీ కిందే ఉంది. దాని ముందు జిప్పులో నీలం రంగు ఇన్‌హేలర్ ఉంది. "ఎందుకు చెప్పలేదురా?" అంటే, "మందులు బడికి తేకూడదంది కదా మిస్" అన్నాడు. రెండో తరగతి వాడు, ఇంకేం చెబుతాడు?

ఆ గదిలో అప్పుడు నలుగురు పెద్దవాళ్లున్నారు. అందరూ కంగారు పడ్డారు, చేతనైంది చేశారు. ఎవరినీ తప్పుపట్టలేను. పిల్లాడి ఊపిరి చూడటం వాళ్లలో ఎవరి ఉద్యోగమూ కాదు మరి.

బడి పిల్లల ఆరోగ్యం అనగానే మనకు గుర్తొచ్చేది శిబిరమే. వ్యాను వస్తుంది, పిల్లల్ని వరసలో నిలబెడతారు, ఎత్తు, బరువు, పళ్లు, కళ్లు చూసి కార్డు నింపుతారు. ఉమ్మడి రాష్ట్రంలో 2010 నవంబరు 14న జవహర్ బాల ఆరోగ్య రక్ష మొదలైంది. 2013 నుంచి కేంద్రం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం నడుపుతోంది. ఒక్కో బృందంలో ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఏఎన్ఎం లేదా స్టాఫ్ నర్సు, ఒక ఫార్మసిస్టు ఉండాలి. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి వెళ్లాలి. వీటిని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. గుండెలో రంధ్రం ఉందని పదేళ్లొచ్చేదాకా తెలియని పిల్లలు ఈ పరీక్షల్లోనే బయటపడుతుంటారు. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో కంటి వెలుగు కింద బడి పిల్లల కళ్లు చూశారు. బోర్డు కనపడక వెనక బెంచీలో మొద్దు అనిపించుకుంటున్న పిల్లాడికి కళ్లజోడు వస్తే వాడి చదువే మారిపోతుంది.

అయితే విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా బడి ఏడాదికి 220 రోజులు నడవాలి. వ్యాను వచ్చేది ఒక రోజు. మిగతా 219 రోజుల సంగతేంటి? అదే చట్టం చివర బడికి ఏమేం ఉండాలో ఒక పట్టిక ఉంది. మరుగుదొడ్లు, తాగునీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ గోడ. అందులో గోడ ఉంది, నర్సు లేదు.

2020లో ఆయుష్మాన్ భారత్ కింద ప్రతి బడిలో ఇద్దరు టీచర్లకు ఆరోగ్య రాయబారులన్న పేరు పెట్టారు. పిల్లలకు పాఠంగా చెప్పడానికి అది మంచిదే. కానీ ఓటర్ల జాబితా, భోజనం లెక్కలు, యాప్‌లో ఫొటోలు, అన్నీ టీచరే చూసుకోవాలి. ఇప్పుడు పిల్లాడి ఫిట్స్ కూడా ఆయన ఖాతాలోనేనా?

ఈ విషయంలో నూట పాతికేళ్ల కిందటి న్యూయార్క్ కథ ఒకటి చెప్పుకోవాలి. అక్కడ బళ్లకు డాక్టర్లు వచ్చేవాళ్లు. గజ్జి, పేలు, కళ్లకలక ఉన్న పిల్లల్ని ఏరి ఇంటికి పంపేసేవాళ్లు. పిల్లాడి చేతిలో చీటీ ఉండేది. ఆ చీటీని ఇంట్లో చదివేవాళ్లే ఉండేవారు కాదు, ఎందుకంటే చాలామంది అప్పుడే ఓడ దిగిన వలస కూలీలు. పిల్లలు వీధుల్లో తిరిగేవాళ్లు. 1902 అక్టోబరులో లీనా రోజర్స్ అనే నర్సును నాలుగు బళ్లలో ప్రయోగంగా పెట్టారు. ఆమె బడిలోనే పుండ్లు కడిగి కట్టు కట్టింది, ఇళ్లకు వెళ్లి తల్లులకు ఎలా చేయాలో చూపించింది. ఆ ఏడాది సెప్టెంబరులో బడి నుంచి వెనక్కి పంపిన పిల్లలు పది వేలకు పైనే. మరుసటి సెప్టెంబరుకు ఆ లెక్క సుమారు 1,100కు పడిపోయింది. డాక్టర్లు అంతకుముందూ ఉన్నారు. కొత్తగా వచ్చిందల్లా నర్సే.

మనం ఇంకా ఆ చీటీ దగ్గరే ఉన్నాం. శిబిరంలో పంటి పుచ్చు, రక్తహీనత అని కార్డు మీద రాస్తారు, ఆ కార్డు బీరువాలోకి వెళుతుంది. పెద్దాసుపత్రికి రాసిన పిల్లాడు నిజంగా వెళ్లాడో లేదో వారం తర్వాత అడిగే మనిషి బడిలో ఉండడు.

ఐరన్ మాత్రల సంగతే చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో పదికి దాదాపు ఆరుగురికి రక్తహీనత ఉంది. బళ్లలో వారానికొకటి నీలం మాత్ర ఇస్తారు. పరగడుపున మింగిన అమ్మాయికి కడుపులో తిప్పుతుంది. విరేచనం నల్లగా అయితే ఇంట్లో భయపడతారు. ఇక ఆపై వారం నుంచి మాత్ర కిటికీలోంచి బయటికే. మాత్ర అన్నం తిన్నాకే వేసుకోవాలి, వెంటనే టీ తాగకూడదు, విరేచనం నల్లబడటం మామూలే. ఈ మూడు ముక్కలు తల్లికి ముందే చెప్పే మనిషి ఉంటే సగం మాత్రలు మట్టిపాలు కావు. ఫిబ్రవరిలో, ఆగస్టులో ఇచ్చే నులిపురుగుల మాత్ర కూడా అంతే. నమిలి మింగాలి. జ్వరంతో ఉన్న పిల్లలకు ఆ రోజు వేయకూడదు. వారం తర్వాత తప్పిపోయిన వాళ్ల కోసం ఇంకో రోజు ఉంటుంది. ఇద్దరికి వాంతులైతే "మాత్రలు వికటించి విద్యార్థులకు అస్వస్థత" అని పత్రికల్లో రాసేస్తాం. మా వృత్తి చేసే పాపాల్లో అదొకటి.

అసలు నర్సు అత్యవసరం గురుకులాల్లో, హాస్టళ్లలో. నాకు ముప్పావు గంట పట్టింది. ఏజెన్సీలో తండ్రికి కబురు అందడానికే ఒక పూట పడుతుంది. 2025 అక్టోబరులో పార్వతీపురం మన్యం జిల్లా కురుపాం గిరిజన బాలికల గురుకులంలో పచ్చకామెర్లు ప్రబలి ఇద్దరు పిల్లలు చనిపోయారు, ఎంతోమంది ఆసుపత్రుల పాలయ్యారు. కామెర్లు ఒక్కరోజులో వందమందికి రావు. ముందు ఒకరిద్దరు అన్నం వద్దంటారు, నీరసమంటారు, కళ్లు పచ్చబడతాయి. ఎవరికి ఎప్పుడు ఏం వచ్చిందో రోజూ రిజిస్టరులో రాసే మనిషి ఉంటే మూడో పేరు రాసేటప్పుడే చెయ్యి ఆగుతుంది. వార్డెన్‌కు ఆ తీరిక ఉండదు, ఆ చదువూ లేదు. నర్సు పోస్టు ఉన్నచోట కూడా వందలమందికి ఒకరే. ఆమె సెలవు పెడితే ఆ రోజు ఎవరూ లేనట్టే.

ఖరీదైన ప్రైవేటు బళ్లలో సిక్ రూమ్ ఉంటుంది, మంచం మీద తెల్ల దుప్పటి మడత నలగకుండా ఉంటుంది. అడ్మిషన్‌కు వచ్చిన తల్లిదండ్రులకు చూపిస్తారు. తెల్ల కోటు వేసుకున్నావిడ ఏం చదివిందో ఎంతమంది అడిగారో తెలియదు. నేనైతే అడగలేదు.

తల్లిదండ్రుల వైపు కూడా చూడాలి. డల్లాస్‌లో మా పిన్ని కూతురు వాళ్ల బడిలో పారాసిటమాల్ వేయాలన్నా ఫారం నింపి ఇవ్వాలి. పిల్లాడికి జ్వరం వస్తే, మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకుండా ఉన్నాకే మళ్లీ బడికి రానిస్తారు. మొదట్లో విసుక్కునేది. మనమేం చేస్తాం? పొద్దున్నే సిరప్ పోసి బస్సెక్కిస్తాం, పదకొండింటికి మందు దిగి ఒళ్లు మళ్లీ కాలుతుంది. స్లిప్ టెస్టు ఉందని కాలుతున్న పిల్లాణ్ని పంపిన ఇళ్లు మా అపార్ట్‌మెంట్లోనే నాలుగున్నాయి. ఆటలమ్మ పోస్తే పొక్కులన్నీ చెక్కు కట్టేదాకా, గవదబిళ్లలైతే వాపు మొదలైన ఐదు రోజుల దాకా పిల్లలు ఇంట్లో ఉండాలి. పేలు ఉంటే మాత్రం బడి మానిపించాల్సిన పని లేదు, సాయంత్రం ఇంటికొచ్చాక దువ్వెన పట్టొచ్చు. పదేళ్లకు, పదహారేళ్లకు ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా వేసే టీడీ టీకా ఉందన్న సంగతే చాలామందికి గుర్తుండదు.

ఇంకోటి, దాచడం. ఫిట్స్ ఉందని బడికి చెప్పరు, ఆడపిల్లయితే మరీను. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఎవరి నోటో పడుతుందని భయం. చెప్పకపోతే ఏమవుతుంది? ఆ పిల్ల ప్రార్థన దగ్గర పడిపోతే చేతిలో తాళాల గుత్తి పెడతారు, పళ్ల మధ్య చెంచా దూరుస్తారు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలని తెలిసినవాళ్లు ఆ గుంపులో ఉంటారో ఉండరో.

మా వాడి డైరీలో జూన్‌లోనే ఒక పేజీ ఇచ్చారు. అలర్జీలు, వాడుతున్న మందులు, గతంలో వచ్చిన జబ్బులు. సంతకం పెట్టి పంపాలి. ఇన్‌హేలర్ అని రాస్తే ఆటల్లో కూర్చోబెట్టేస్తారనిపించింది. మూడు గడుల్లోనూ "నిల్" అని రాశాను. స్టాఫ్ రూములో క్లాస్ టీచర్ ఆ పేజీ తీసి నా ముందు పెట్టింది, ఏమీ అనలేదు.

మర్నాడు ఇంకో ఇన్‌హేలర్, దానికి తగిలించే గొట్టం స్పేసర్, డాక్టర్ రాసిన కాగితం పట్టుకెళ్లి ఇచ్చాను. ఆమె వాటిని టేబుల్ సొరుగులో పెట్టబోయి ఆగింది. "ఇది ఎన్నిసార్లు నొక్కాలి మేడం? ఒకసారి చేసి చూపిస్తారా?" అని ఫోన్‌లో వీడియో ఆన్ చేసింది.