డిప్రెషన్: వచ్చిపోయే వాన కాదు, ముసురు

మూడ్ అనే మాట మనం చాలా తేలిగ్గా వాడేస్తాం, సినిమాకి రావా అంటే మూడ్ లేదంటాం, ఎవరో ఏదో అంటే మూడ్ పాడైందంటాం, అందుకే డిప్రెషన్‌ని డాక్టర్లు మూడ్ డిజార్డర్ అంటే కూడా నాలుగు రోజుల్లో పోతుందిలే అనుకుంటున్నాం. ఒక జల్లు పడి తెరిపివ్వడం వేరు, ముసురు పట్టడం వేరు కదా. కనీసం రెండు వారాలు, దాదాపు రోజంతా మనసు దిగాలుగా ఉండటమో, ఇష్టమైనవాటి మీద ఆసక్తే పోవడమో ఉండి, దాంతోపాటు నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత లాంటివి దెబ్బతింటే దాన్ని డిప్రెషన్ అంటారు.

మా పిన్ని ఒక్కరోజు కూడా బాధగా ఉంది అనలేదు. ఒళ్ళు నొప్పులు, గుండె దడ, తెల్లారగట్ల మూడింటికే మెలకువ, ఏం తిన్నా చప్పగా ఉంది, ఇవే చెప్పేది. గ్యాస్ అన్నారు, నరాల బలహీనత అన్నారు, స్కానింగులు, బలానికి ఇంజెక్షన్లు, ఇలా ఏడాది పోయింది. రోజూ ఇంత పెద్ద ముగ్గేసే మనిషి వాకిలి ఊడ్చి వచ్చి పడుకుంటుంటే బద్ధకం అనుకున్నాం, నేనూ అన్నాను ఆ మాట, గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. మన ఇళ్లల్లో ఈ జబ్బు చాలాసార్లు ఏడుపుగా కాదు, ఇలా ఒంటి మీదకొస్తుంది, అందుకే దొరకదు. 2015-16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వేలో డిప్రెషన్ ఉన్నవాళ్లలో నూటికి సుమారు 85 మందికి చికిత్సే అందట్లేదని తేలింది.

ధైర్యంగా ఉండు, గుడికెళ్లు అంటాం. థైరాయిడ్ వచ్చినవాళ్లకి అలా చెప్తామా? అసలు ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ తగ్గినా అచ్చం ఇలాగే ఉంటుంది, అందుకే చాలామంది డాక్టర్లు ముందు రక్తపరీక్ష రాస్తారు. ఇంకోటి, గతంలో ఎప్పుడైనా నిద్ర లేకుండానే విపరీతమైన హుషారుతో గడిపిన రోజులుంటే తప్పకుండా చెప్పాలి, అది బైపోలార్, అంటే కొన్నాళ్లు విపరీతమైన హుషారు, కొన్నాళ్లు దిగులు వచ్చే జబ్బు అయితే మందులు వేరు.

డిప్రెషన్ మందు వేసిన రోజే పనిచేయదు, రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు. పిన్ని రెండో నెలలోనే బాగుందిగా అని మానేసింది, ముసురు మళ్లీ పట్టింది. చచ్చిపోతే బాగుండు అని ఆవిడ అన్నది అప్పుడే. ఆ మాట వింటే మనిషిని ఒంటరిగా వదలకూడదు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే ఏ టైమ్‌లోనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

మొన్న పిన్నే ఫోన్ చేసింది, "మూడ్రోజుల్నుంచి మళ్లీ మూడింటికే మెలకువొస్తోందిరా, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తావా" అని.