సంతకానికి ముందు గ్రామసభ

ఒడిశాలోని రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో విదేశీ పెట్టుబడి ఎందుకు నిలవడం లేదని అడిగితే భువనేశ్వర్‌లో ఎప్పుడూ ఒకటే జవాబు: ఘాట్ రోడ్లు, అడవులు, రేవు దూరం. ఈ మాట మేము ఒప్పుకోం. ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిల్లా ఇనుప ఖనిజం జపాన్‌కు కావలసి వచ్చినప్పుడు, ఆ దేశం సాయంతో 1960ల్లో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం ఈ కొండలనే తొలుచుకుంటూ వెళ్లింది. యాభైకి పైగా సొరంగాలు తవ్వారు. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున సిమిలిగుడలో స్టేషన్ కట్టారు. అప్పుడు విశాఖ రేవు దూరమనిపించలేదు.

పెట్టుబడి ఆగింది కొండ దగ్గర కాదు, ఊరి దగ్గర. రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలోని మైకంచ్‌లో 2000 డిసెంబరు 16న పోలీసు కాల్పులకు ముగ్గురు ఆదివాసులు బలయ్యారు. అక్కడ తలపెట్టిన ఉత్కళ్ అల్యూమినా ప్రాజెక్టులో భాగస్వామి అయిన నార్వే కంపెనీ నార్స్క్ హైడ్రో ఆ మరుసటి ఏడాదే తప్పుకుంది. కెనడాకు చెందిన ఆల్కన్ 2007లో వెళ్లిపోయింది. ఆ ముగ్గురి ఇళ్లలో లోటు మాత్రం ఎవరూ తీర్చలేనిది.

నియమగిరిది ఇంకా పెద్ద పాఠం. లాంజిగఢ్‌లో వేదాంత కంపెనీ అల్యూమినా శుద్ధి కర్మాగారం ముందే కట్టేసింది, దానికి ముడిసరుకైన బాక్సైట్ తవ్వాల్సిన నియమగిరి కొండ మీద బతికేవారిని ఆ తర్వాత గానీ అడగలేదు. అడగమన్నది కూడా సుప్రీంకోర్టే, 2013 ఏప్రిల్ 18 తీర్పులో. జిల్లా జడ్జి స్థాయి పరిశీలకుల ఎదుట రాయగడ జిల్లాలో 7, కలహండిలో 5 పల్లెసభలు జరిగాయి. పన్నెండింటికి పన్నెండూ వద్దన్నాయి. తమ దైవం నియమరాజు కొలువున్న కొండను డొంగ్రియా కొంధులు ఏ ధరకూ ఇవ్వమన్నారు. అదే ప్రశ్న పదేళ్ల ముందు అడిగి ఉంటే కంపెనీ డబ్బూ మిగిలేది, ఊళ్లకు ఆ భయమూ తప్పేది.

మన ఆంధ్ర వైపూ ఇదే కథ. మాకవరపాలెం అల్యూమినా కర్మాగారంలో గల్ఫ్‌లోని రస్ అల్ ఖైమా పెట్టుబడి పెట్టింది. మన్యం బాక్సైట్ అందక ఆ గొడవ అంతర్జాతీయ ఆర్బిట్రేషన్‌కు (మధ్యవర్తుల విచారణకు) ఎక్కింది.

ఒకసారి కొరాపుట్ స్టేషన్‌లో నిలబడి చూడండి. దామన్‌జోడి అల్యూమినాతో గూడ్సు బండి విశాఖ వైపు సాగిపోతుంది. వెనకాలే వచ్చే పాసింజర్‌లో స్కాన్ రిపోర్టుల కవరు గుండెకు హత్తుకుని, టిఫిన్ క్యారేజీ చేత పట్టుకుని ఓ కుటుంబం ఎక్కుతుంది. పెద్దాసుపత్రి అంటే వాళ్లకు ఇప్పటికీ విశాఖే. సంపద, రోగి ఒకే దారిన దిగిపోతుంటే పరిశ్రమ వస్తే బాగుపడతామన్న మాటను పల్లెలు ఎలా నమ్మాలి?

రాయగడ, గుణుపూర్‌లలో తరాలుగా స్థిరపడిన తెలుగువారికీ పరిశ్రమ కావాలి, పిల్లలకు ఉద్యోగాలు కావాలి. మేమూ అదే కోరుతున్నాం. అందుకే ఆదివాసీ ప్రాంతాల్లో గ్రామసభకు అధికారాలిచ్చే 1996 పెసా చట్టాన్ని అడ్డంకిగా చూడవద్దంటున్నాం. ఇదే ప్రాంతంలోని సిజిమాలి కొండ బాక్సైట్ విషయంలో గ్రామసభ తీర్మానాల మీదే ఊరివాళ్లు అభ్యంతరం చెబుతున్నారు. ఆ సభలను జడ్జి స్థాయి పరిశీలకుల ముందు మళ్లీ జరపాలి. ప్రాజెక్టు పత్రాలు ఒడియాతోపాటు కొంధుల భాష కుయిలో, తెలుగులో చదివి వినిపించాలి. ఆ తీర్మానం చేతికి వచ్చాకే లీజు మీద సంతకం పెట్టాలి.