నొప్పి తగ్గేది నిజమే, కారణం మాత్రం అది కాదు
ఈతగాళ్ల మసాజ్ గురించి వచ్చిన ఓ వ్యాసంలో, గట్టిగా ఈదినప్పుడు కండరాల్లో చేరే లాక్టిక్ యాసిడ్ మసాజ్‌తో బయటికి పోతుందని, నొప్పి తగ్గేది అందుకేనని రాశారు. దానికి ఎవరి చేతులూ అక్కర్లేదండీ. ప్రాక్టీస్ ఆపిన గంట, గంటన్నరలో దానంతటదే తగ్గిపోతుంది, చివర్లో పది నిమిషాలు నెమ్మదిగా ఈదితే ఇంకా త్వరగా. మర్నాటి ఒళ్లునొప్పులు మాత్రం మసాజ్‌తో కొంత తగ్గుతాయి, అది నేనూ చూశాను.

మా అమ్మాయి బటర్‌ఫ్లై (రెండు చేతులూ ఒకేసారి ముందుకు విసిరే ఈత) ఈదుతుంది. ఓసారి భుజం పట్టేస్తే తెలిసినాయన ఒకరు బొటనవేలితో గట్టిగా నొక్కేశారు. రెండు రోజులు జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవలేదు పిల్లకి! తర్వాత ఫిజియో భుజం రెక్క చుట్టూ మెల్లగా వదులు చేసి, రబ్బరు బ్యాండుతో నెలరోజులు వ్యాయామం చేయించాకే కుదుటపడింది. ఆ బ్యాండు సంగతి కూడా వ్యాసంలో రాసి ఉంటే బాగుండేది. 2016 రియో ఒలింపిక్స్‌లో అమెరికా ఈతగాడు ఫెల్ప్స్ భుజాల మీది కప్పింగ్ (కప్పులతో చర్మాన్ని పైకి పీల్చే పద్ధతి) మచ్చల ఫొటో చూసి, పిల్లలు ఆ కప్పింగే కావాలంటున్నారు.