సముద్రానికి పరామర్శ

అట్లాంటిక్‌లో వేడినీటిని పైపైన ఉత్తరానికి మోసుకెళ్లి, అక్కడ చల్లబడి మునిగి, అడుగున దక్షిణానికి మళ్లే ఆ పెద్ద ప్రవాహం నీరసిస్తోందని ఎవరైనా నోరెత్తితే చాలు, ఓ పెద్దమనిషి ప్రత్యక్షమవుతాడు. ‘‘సముద్రం ఎప్పుడూ మారుతూనే ఉందండీ, అంతా సహజం’’ అని సెలవిచ్చి చేతులు దులుపుకుంటాడు. మీరూ చూసే ఉంటారు. ప్రతి చర్చలోనూ ఆయనకో కుర్చీ రిజర్వు.

మాట నిజమే. సుమారు 30 లక్షల ఏళ్ల కిందట పనామా దగ్గర నేల లేచి రెండు మహాసముద్రాలను విడదీస్తే ప్రవాహాలు దారి మార్చుకున్నాయి. నేల లేవడమూ, మన పొగగొట్టాలు లేవడమూ ఆయనకు ఒకటే కాబోలు.

ఈయన్ని పూలగుత్తి ఇచ్చి గ్రీన్‌లాండ్ దక్షిణానికి పంపాలని నా కోరిక. లోకమంతా వేడెక్కుతుంటే మొండిగా చల్లబడ్డ నీళ్లు అక్కడున్నాయి.

‘‘ఒంట్లో ఎలా ఉందండీ?’’

‘‘ఏం చెప్పమంటారు! చల్లటి ఉప్పునీరుగా బరువెక్కి అడుక్కి దిగడం నా ఉద్యోగం. గ్రీన్‌లాండ్ ఏటా సుమారు 27,000 కోట్ల టన్నుల మంచు పోగొట్టుకుంటోంది. ఆ మంచినీళ్లు కలిసి ఉప్పు పలచబడితే ఇక దిగేదెలా?’’

‘‘దిగులు పడకండి. 12,900 ఏళ్ల కిందటా ఇలాగే నీరసించి లేచారుగా!’’

‘‘లేచాను. సుమారు 1,200 ఏళ్లు పట్టింది. అందాకా తోడుంటారా?’’

పెద్దమనిషి గడియారం చూసుకుంటాడు. సాయంత్రం ఇంకో చర్చ ఉందిట.

(అమెరికా తూర్పు తీరం వెంట ఉత్తరానికి పారే వేడినీటి ప్రవాహం గల్ఫ్ స్ట్రీమ్ మొత్తం ఆగిపోతుందని గుండెలు బాదుకునేవాళ్లది మరో గోల. గాలి వీచి, భూమి తిరిగినన్నాళ్లూ అది ఆగదు. ముప్పు నీరు మునిగే చోటుకి.)

మునిగి మళ్లే ఆ పెద్ద ప్రవాహాన్ని 2004 నుంచి 26.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద పరికరాలు దించి కొలుస్తున్నారు. సెకనుకు సుమారు 1.7 కోట్ల ఘనపు మీటర్ల నీరు. ప్రపంచంలోని నదులన్నీ కలిపినా అందులో పదోవంతు రావు. ఈ కొలతలు ఆయనకు చాలవట. ఎవరూ కొలవని 12,900 ఏళ్ల నాటి సంగతి మాత్రం కంఠతా వచ్చు!

అప్పుడు భూమ్మీద ఒక్క నగరం లేదయ్యా. చలి ముదిరితే మనిషి మూట కట్టుకుని నడిచిపోయాడు. ఇప్పుడు 800 కోట్ల మందిమి, ఎక్కడికి నడవాలి? ఆ ప్రవాహం కుంటుపడినప్పుడు ఆసియాలో రుతుపవనాలూ నీరసించాయని గుహల్లోని సున్నపురాళ్లు చెబుతున్నాయి. వాన రాక పైరు మాడినవాడి ముఖం మీద అను, సహజమని! ఈ శతాబ్దంలో ప్రవాహం బలహీనపడే అవకాశం చాలా ఎక్కువని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2021లోనే చెప్పింది. కూలుతుందా లేదా అన్నదే తగువు. ఖండాలు జరిగితే ఎవర్నీ నిలదీయలేం. ఈ పొగకి యజమానులున్నారు, లాభాల లెక్కలున్నాయి. వాళ్లని అడగబోయిన ప్రతిసారీ నువ్వెందుకు అడ్డం నిలబడతావు?